మోటర్లు కనబడకూడదు

12 అక్టోబర్ 2009

గాజు తొట్టి వచ్చింది. ఆరడుగుల పొడవు, రెండడుగుల లోతు. ఎనిమిది మందిమి పట్టి మ్యూజియంలోకి చేర్చేసరికి నడుములు పడిపోయాయి. ఎలీషా అన్న మాత్రం చెమట కూడా తుడుచుకోకుండా తొట్టి ముందు గొంతుక్కూర్చుని ఖాళీ అద్దంలోకి చూస్తూ ఉండిపోయాడు.

"ఏం కనబడుతున్నదే అన్నా?" అన్నాను.

"సూర్యలంక సముద్రం," అన్నాడు.

ఆయన బాపట్ల వైపు నుంచి వచ్చి ఇరవై రెండేళ్లు. వాళ్ల నాన్న సముద్రం పక్క ఊళ్లో మిషన్ బడి పంతులు. నేను జనగామ దగ్గర పల్లెలో పుట్టినవాణ్ణి. సముద్రాన్ని ఒకే ఒక్కసారి చూశాను, అదీ ఆయన తీసుకుపోతేనే. పదహారేళ్లుగా ఈ యూనివర్సిటీ జువాలజీ డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరం కలిసి పనిచేస్తున్నాం. తాళాల గుత్తి ఆయనది, కరెంటు పని నాది.

కామాక్షి మేడమ్ హెడ్ అయినప్పటి నుంచి ఒకటే మాట. మన పిల్లలు పగడాన్ని బీరువాలో ఎముకలాగే చూస్తున్నారు, ప్రాణంతో ఉండగా చూడాలి అని. తీరం దగ్గరి పరిశోధన కేంద్రం నుంచి మెత్తటి పగడాలు, అనుమతి కాగితాలతో సహా, ఫిబ్రవరిలో వస్తాయట. అప్పటికి నీళ్లు తయారుగా ఉండాలి.

15 అక్టోబర్

పొద్దంతా పోట్లాట. మంచి పోట్లాట.

నేను ఒక పెద్ద మోటరు చాలన్నాను. గోడ అవతల స్టోర్‌రూమ్‌లో పెట్టి, గోడకు రంధ్రం చేసి పైపులు ఇటు తెస్తే, తొట్టిలో ఏమీ ఉండదు, అన్నీ అటే.

"నీళ్లు ఒకవైపే పోతే అది కాలువ, లింగం. సముద్రం అటూ ఇటూ ఊగుతుంది. పగడానికి కాళ్లు లేవు. తిండి నీళ్లే తేవాలి, దాని పెంట నీళ్లే తీసుకుపోవాలి. ఒకవైపు నుంచే గట్టిగా కొడితే చర్మం లేచిపోతుంది."

"మరైతే ఏం జేద్దాం?"

"లోపల రెండు చిన్నవి. కుడి చివర ఒకటి, ఎడమ చివర ఒకటి. కాసేపు ఇది, కాసేపు అది. కానీ మోటర్లు కనబడకూడదు. సముద్రంలో ఎక్కడన్నా మోటరు కనబడుద్దా?"

చివరికి ఇద్దరి మాటా నెగ్గింది. నీళ్లు వడగట్టి తిరిగి పంపే పెద్ద మోటరు స్టోర్‌రూమ్‌లో. అలలు పుట్టించే చిన్నవి రెండు తొట్టిలోనే, రాళ్ల చాటున.

27 అక్టోబర్

చిన్న పంపులు మూడు రకాలు తెప్పించాం. ఒకటి నీళ్లను సూదిలా చిమ్ముతున్నది. ఒకటి చేతిలో పట్టుకుంటేనే వేడి, నీళ్లు ఉడికిపోతాయి. మూడోది ఫ్యాన్ రెక్క ఉన్నది, నోరు వెడల్పు. దాని ముందు అరచెయ్యి పెడితే దుప్పటి కప్పినట్టు మెత్తగా తోస్తున్నది. ఎలీషా అన్న కళ్లు మూసుకుని చెయ్యి చాలాసేపు అలాగే ఉంచాడు.

"ఇదే," అన్నాడు.

9 నవంబర్

మంచినీళ్లు నింపి చూశాం. నీళ్లు ఎటు తిరుగుతున్నాయో కంటికి తెలియదు కదా. ఎలీషా అన్న క్యాంటీన్ నుంచి వాడేసిన టీ పొడి తెచ్చి పైనుంచి చల్లాడు. గోధుమరంగు మేఘం అటు పోయి, ఇటు తిరిగి, మధ్యలో సుడి కట్టి, రెండు మూలల్లో మాత్రం కిందికి దిగి కూర్చుంది.

"అదిగో, అక్కడ నీళ్లు చచ్చిపోయాయి. కుడి పంపు నాలుగు వేళ్లు పైకి లేపు."

అయిదుసార్లు లేపాను, దించాను. అయిదుసార్లు టీ పొడి. కమలాకర్ వచ్చి చూసి నవ్వాడు. "ఏంది కాకా, చేపలకు చాయ్ పోస్తున్నరా?"

కమలాకర్ మా అన్న కొడుకు. ఎమ్మే రెండో సంవత్సరం. తార్నాకలో మా ఇంట్లోనే ఉంటాడు. అప్లికేషన్ నింపిన దగ్గర్నుంచి ఇంగ్లీషు నేర్పేదాకా వాడికి అన్నీ ఎలీషా సారే. నా మాట వినకపోయినా ఆయన మాట వింటాడు.

18 నవంబర్

రాళ్లు పేర్చాం. బీరువాల్లో నలభై ఏళ్లుగా పడి ఉన్న ఎండు పగడాలు, వాటికింద మామూలు సున్నపురాళ్లు. ఎడమ పంపు చుట్టూ గుహలా కట్టాం. రాయి మరీ దగ్గరగా ఉంటే పంపుకు నీళ్లు అందవు, మరీ దూరమైతే దాగదు. పై రాయి మాత్రం మూతలా ఊరికే పెట్టాం, కడగాల్సి వచ్చినప్పుడు ఎత్తి తీయడానికి. దాచడం తేలికే, దాచినదాన్ని మళ్లీ బయటికి తీసే దారి ఉంచాలి అని ఎలీషా అన్న గొణుక్కుంటూనే ఉన్నాడు. పంపు వెనక స్పాంజి తొడిగాం, లేకపోతే మెత్తటి జీవాలను లోపలికి పీల్చేస్తుంది. వైర్లు మూల వెంబడి, నల్ల అట్ట వెనకగా.

స్విచ్ వేశాను. మోటరు ఎక్కడుందో కట్టిన నాకే కనబడలేదు. నీళ్లు మాత్రం ఊగుతున్నాయి.

30 నవంబర్

తెలంగాణ కోసం క్యాంపస్ ఉడుకుతున్నది. క్లాసులు లేవు. కమలాకర్ నిన్నటి నుంచి ఇంటికి రాలేదు. నా భార్య పద్మ రెండుసార్లు అన్నం వేడిచేసి పక్కన పెట్టింది.

10 డిసెంబర్

తెలంగాణ ఇస్తున్నామన్నారు! క్యాంపస్ అంతా గులాల్. కమలాకర్ నన్ను ఎత్తుకుని తిప్పాడు. ఎలీషా అన్న పొద్దున్నే మైసూర్‌పాక్ డబ్బాతో వచ్చి ముందు వాడి నోట్లో పెట్టాడు, తర్వాత నాకు.

"ఇంక నన్ను పొమ్మంటారా ఏంది మీరు?" అన్నాడు నవ్వుతూ.

"నువ్వెక్కడికి పోతవే అన్నా! నువ్వు పోతే తాళాలెవ్వరు తీస్తరు?"

24 డిసెంబర్

మాట వెనక్కి తీసుకున్నారు. బస్సులు లేవు. పిల్లల ముఖాలు చూడలేకపోతున్నాను. కమలాకర్ కూడా నాతో సరిగా మాట్లాడడం లేదు.

25 డిసెంబర్

పదహారేళ్లలో మొదటిసారి క్రిస్మస్‌కు రామంతాపూర్‌లో ఎలీషా అన్న ఇంటికి వెళ్లలేదు. బంద్ కదా. గల్లీల్లోంచి పోవచ్చు. నడిచినా ఎంతసేపు. కానీ బంద్ కదా.

ఆయన భార్య ఎవాంజెలిన్ వదిన ఫోన్ చేసింది. కేకు ముక్క పక్కన పెట్టాను అన్నది.

8 జనవరి 2010

తొట్టిలో ఉప్పు కలిపాం. రాళ్లలోంచి సున్నపు పొడి లేచి నీళ్లన్నీ పాలలాగా అయ్యాయి. ఒకట్రెండుసార్లు తీసి మళ్లీ నింపాలి. మ్యూజియం సింకు పూడిపోయింది. స్టోర్‌రూమ్ వెనక తలుపులోంచి గొట్టం వేసి సందులోని మోరీలోకి వదులుదాం అన్నాను. ఎలీషా అన్న ఒప్పుకోలేదు.

"రోజులు బాగాలేవయ్యా. ఆ తలుపు తీయొద్దని మేడమ్ మరీ మరీ చెప్పారు. బకెట్లతో మోద్దాం."

నాలుగొందల లీటర్లు బకెట్లతో!

19 జనవరి

కమలాకర్ ఆసుపత్రిలో ఉన్నాడు. ఎడమ కన్ను. ఇప్పుడేమీ రాయలేను.

20 జనవరి

ఉన్నదున్నట్టు రాస్తాను.

నిన్న పొద్దున ఎలీషా అన్న పైపు జాయింటు కోసం నల్లకుంట వెళ్లాడు. తాళాల గుత్తి నాకు ఇచ్చి వెళ్లాడు. పదకొండు దాటాక ఆర్ట్స్ కాలేజీ వైపు నుంచి ఊరేగింపు వస్తున్న చప్పుడు. ముందు వరుసలో మా కమలాకర్ ఉంటాడని తెలుసు. మెట్ల మీదికి వచ్చి నిలబడ్డాను. కాసేపటికి పోలీసులు తరమడం మొదలుపెట్టారు. పిల్లలు మా బిల్డింగ్ వైపు పరుగెత్తారు. నేనే చేతులూపి పిలిచాను. "లోపటికి రాండ్రి, లోపటికి! గిటు ఎవ్వరు రారు." ఇరవై మంది దాకా వచ్చారు, వాళ్లలో కమలాకర్ కూడా. ముందు తలుపు నేనే మూసి గడియ పెట్టాను. అందరినీ మ్యూజియంలో కూర్చోబెట్టాను. ఒకమ్మాయి వణుకుతున్నది. మంచినీళ్లు ఇచ్చాను.

పది నిమిషాలు కూడా కాలేదు. స్టోర్‌రూమ్ వైపు నుంచి బూట్ల చప్పుడు.

వెనక తలుపు వేసే ఉన్నది. వేసినట్టే నాకు గుర్తు.

కమలాకర్ ఆ అమ్మాయికి అడ్డం పోయాడు. లాఠీ కొస కంట్లో తగిలింది.

అందరూ వెళ్లాక గొట్టం తీసి చుట్టి పాత బీరువా వెనక పెట్టాను. నేల మీద తడిగా పడి ఉంటే ఎవరైనా జారి పడతారని. తాళాల గుత్తి ఎలీషా అన్న సొరుగులో పెట్టాను.

ఆయన్ను తార్నాక చౌరస్తాలో ఆపేశారట. వచ్చేసరికి సాయంత్రం అయింది. సరాసరి ఆసుపత్రికి వచ్చి నా భుజం పట్టుకుని ఏడ్చాడు.

21 జనవరి

డిపార్ట్‌మెంట్‌కు వెళ్లాను. ఎలీషా అన్న స్టోర్‌రూమ్‌లో నిలబడి ఉన్నాడు.

"గొట్టం ఏది లింగం?"

"చూడలే అన్నా."

ఆయన నేలకేసి చూశాడు. మోటరు దగ్గర్నుంచి వెనక తలుపు గడప దాకా నీళ్లు కారి ఎండిన చోట ఉప్పు తెల్లగా చార కట్టింది. ఆయన బయటికి వెళ్లి తడిగుడ్డ తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ఆ చారంతా తుడిచాడు. నేను చూస్తూ నిలబడ్డాను.

23 జనవరి

మేడమ్ గదిలో మీటింగ్. విద్యార్థి నాయకులు పది మంది, మేడమ్, ఎలీషా అన్న, నేను, వాచ్‌మన్ గట్టయ్య. వెనక తలుపు పగలగొట్టలేదు, తీసి ఉన్నదని అందరికీ తెలిసిపోయింది.

"తాళాలు ఎవరి దగ్గర ఉంటయ్?" అని అడిగారు.

"నా దగ్గరే," అన్నాడు ఎలీషా అన్న.

"ఆ దినం గుడ నీ దగ్గర్నే ఉన్నయా?"

ఆయన నావైపు చూశాడు.

గోడకు క్యాలెండర్ ఉన్నది. గాలికి కాగితాలు లేవకుండా ఎవరో కింద పిన్ను గుచ్చారు. నేను ఆ పిన్ను చూస్తున్నాను. చాలాసేపే చూశాను.

"నా దగ్గరే ఉన్నాయి," అన్నాడు ఆయన.

ఒకడు కుర్చీ తన్ని లేచాడు. "తలుపు దీసిపెట్టి నల్లకుంటకు పోయిండు మేడమ్! మంచిగ ప్లాన్ జేసిండు. ఆంధ్రోడు ఆంధ్రోడే." గట్టయ్య వాణ్ణి పట్టుకుని ఆపాడు. కొట్టలేదు. ఎవరూ కొట్టలేదు.

ఎలీషా అన్న తాళాల గుత్తి మేడమ్ టేబుల్ మీద పెట్టి బయటికి వెళ్లిపోయాడు. నన్ను దాటుకుని వెళ్లాడు.

24 జనవరి

ఒకవేళ నేను చెప్పినా ఇప్పుడు ఎవరు నమ్ముతారు.

28 జనవరి

మా వదిన లచ్చవ్వ ఊరి నుంచి వచ్చి ఆసుపత్రిలోనే ఉంటున్నది. కొడుకు కంటి మీది కట్టు చూస్తూ తెల్లవార్లూ కూర్చుంటున్నదట.

మధ్యాహ్నం ఎలీషా అన్న, ఎవాంజెలిన్ వదిన టిఫిన్ క్యారియర్‌తో వచ్చారు. లచ్చవ్వకు ఎవరో ముందే చెప్పి ఉన్నారు. వార్డు గుమ్మంలోనే అడ్డం నిలబడ్డది.

"ఏం మొఖం పెట్టుకొని అచ్చినవయ్యా? నా కొడుకు కన్ను దీసి అన్నం దెస్తవా? ఆ తలుపు దీసిన చెయ్యి పురుగులు వడిపోను!"

"అమ్మా, ఒక్కసారి పిల్లాణ్ణి చూసి..." అన్నది ఎవాంజెలిన్ వదిన.

"పోండ్రి మీరు! పోండ్రి!"

నేను లచ్చవ్వ పక్కనే ఉన్నాను. "వదినా, ఊకో" అని మాత్రం అన్నాను. వాళ్లు క్యారియర్ తీసుకుని మెట్లు దిగారు. ఎలీషా అన్న రెయిలింగ్ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగుతున్నాడు. ఆయనకు మోకాళ్ల నొప్పి ఎప్పటినుంచి?

లోపలికి వచ్చాక వదిన నా చేతులు పట్టుకుంది. "నువ్వుంటివి గన్క నా కొడుకు పానంతోనన్న దక్కిండు మరిదీ," అన్నది.

సబ్బు పెట్టి చేతులు కడుక్కున్నాను. ఆసుపత్రి కదా.

3 ఫిబ్రవరి

ఎలీషా అన్నను లాంగ్ లీవ్ పెట్టమన్నారు. పెట్టాడు.

11 ఫిబ్రవరి

నీళ్లు ఇప్పుడు అద్దంలా ఉన్నాయి. రెండు పంపులూ బాగా తిరుగుతున్నాయి. కుడివైపు అడుగున మాత్రం బురద చేరుతున్నది. పంపు ఎంత జరిపినా ఆ మూల కదలడం లేదు. నలుగురిని అడిగాను. ఎవరికీ తెలియదు.

చివరికి ఆయనకే ఫోన్ చేశాను. రెండోసారికి ఎత్తాడు.

"పంపు ముఖం అద్దం వైపు తిప్పు. నీళ్లు అద్దానికి కొట్టుకుని మెత్తబడి మూలకు పోతాయి," అన్నాడు.

"అట్లనే అన్నా."

"స్పాంజి పది రోజులకోసారి కడుగు."

"కడుగుత అన్నా."

అటువైపు ఆయన ఫోన్ పెట్టేయలేదు. నేనూ పెట్టలేదు. టీవీలో ఏదో పాట వస్తున్నది వాళ్లింట్లో. తర్వాత నేనే పెట్టేశాను, బ్యాలెన్స్ అయిపోతుందని.

బ్యాలెన్స్ ఉన్నది.

26 ఫిబ్రవరి

పగడాలు వచ్చాయి, సంచుల్లో ముడుచుకుని, మురికి గుడ్డ పేలికల్లా. నీళ్ల వేడికి అలవాటుపడేదాకా సంచులతోనే నీళ్లలో తేలనిచ్చి, తర్వాత ఒక్కొక్కటే రాళ్ల మీద కూర్చోబెట్టాను. మూడు గంటలు ఏ కదలికా లేదు. తర్వాత ఒకదాని వేళ్లలాంటి కొమ్మలు విచ్చుకున్నాయి, ఇంకోదానివి, ఇంకోదానివి. అన్నీ ఒకేవైపు వాలి, ఆగి, మళ్లీ ఇటు వాలుతున్నాయి.

చూడాల్సినవాడు చూడలేదు.

8 మార్చి

తొట్టి ప్రారంభం. పెద్దవాళ్లు చాలామంది వచ్చారు. ఒకాయన అద్దానికి ముక్కు ఆనించి, అటూ ఇటూ వెతికి, "అరే, ఎక్కడా మోటరే కనబడట్లేదే!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కామాక్షి మేడమ్ నాకు శాలువా కప్పారు. బోర్డు మీద రూపకల్పన అని నా పేరు ఒక్కటే ఉన్నది. ఎలీషా అన్న పేరు పెడితే గొడవ అవుతుందన్నారు. నిజమే, అయ్యేది.

శాలువా ఇంటికి తెచ్చి పద్మకు ఇచ్చాను.

"ఎలీషా అన్నను పిలవలేదా?" అన్నది.

"ఎట్ల పిలుస్తరు?"

పద్మ నా వైపు వింతగా చూసింది. "నీకేమైంది? పదహారేండ్ల దోస్తు. ఆ మనిషి గసొంటి పని జేస్తడా? నువ్వు గుడ నమ్ముతున్నవా?"

నేను లేచి చెప్పులు వేసుకున్నాను. నమ్ముతున్నానని అనుకుని ఆమె ఆరోజంతా నాతో మాట్లాడలేదు.

6 ఏప్రిల్

మొన్న ఈస్టర్. ఈరోజు వాళ్లు వెళ్లిపోయారు. ఎలీషా అన్న వాలంటరీ రిటైర్మెంట్ తీసుకున్నాడు. రామంతాపూర్ ఇల్లు ఖాళీ చేసి బాపట్ల. లారీ ఎప్పుడు వస్తుందో పద్మకు ఎవాంజెలిన్ వదిన చెప్పింది. పద్మ వెళ్లి సామాను సర్దడానికి సాయం చేసి వచ్చింది. నన్ను రమ్మనలేదు.

నాకు తొట్టి పని ఉండింది. స్పాంజి కడగాల్సిన రోజు.

18 ఏప్రిల్

రెండో ఆపరేషన్ కూడా అయింది. డాక్టరు నన్ను, లచ్చవ్వను పిలిచి చెప్పాడు. ఎడమ కన్ను ఇక రాదు. వదిన నేల మీద కూలబడింది. కమలాకర్ లోపలి నుంచి విన్నట్టున్నాడు. "అమ్మా, ఏడ్వకే, ఇంకోటి ఉన్నది గద," అంటున్నాడు.

5 మే

ఈరోజు చెప్పాను.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక కమలాకర్ ఒక కాగితం తెచ్చాడు. ఎలీషా మీద కేసు పెట్టాలని విద్యార్థులు రాసిన ఫిర్యాదు. కింద పన్నెండు సంతకాలు.

"కాకా, నువ్వు గాడ్నే ఉన్నవు. తాళాలు ఆయన దగ్గరున్నయని ఆయన నోటితోనే అనంగ ఇన్నవు. నీ సంతకం ఉంటె గట్టిగుంటది."

"నువ్వు ఎలీషా సార్ మీద కేసు పెడ్తవార?"

"నాకు మాత్రం మనసైతుందా కాకా? ఇంగ్లీషు నేర్పిండు. కన్నకొడుకు లెక్క జూసిండు." వాడు కాగితాన్ని నా ముందుకు జరిపాడు. "అందుకే ఎక్కువ మండుతున్నది. ఎవ్వడో చేసుంటె మర్చిపోదును."

పెన్ను నా చేతిలో పెట్టాడు. ఇప్పుడు వాడు ఏ వస్తువైనా ఇస్తుంటే ఒక బెత్తెడు పక్కకు పెడుతున్నాడు, దూరం తెలియక. పెన్ను నా చేతికి అందకుండా కిందపడింది. వంగి తీసుకున్నాను. నేల మీదే కూర్చున్నాను.

"తలుపు తీసింది నేను," అన్నాను.

వాడికి అర్థం కాలేదు.

"ఎలీషా అన్న తియ్యొద్దన్నడు. బకెట్లతోని మోద్దామన్నడు. నాకు బద్ధకమైంది. ఆయన నల్లకుంటకు పోంగనే తాళం తీసి, గొట్టమేసి, మోటరు ఆన్ జేసిన. గొట్టం గడప మీద ఉన్నది, తలుపు ఎట్ల పడ్తది? ఊరేగింపు చప్పుడైతె నిన్ను జూద్దామని ముందటికి ఉరికొచ్చిన. మర్చిపోయిన కమలాకర్. మర్చిపోయిన."

పద్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నది. ఎప్పుడు వచ్చిందో.

కమలాకర్ నా ఎదురుగా కింద కూర్చున్నాడు. "మమ్మల్ని లోపటికి పిలిచింది గుడ నువ్వే గద కాకా."

"నేనే."

"ఎలీషా సార్‌కు ఎరుకేనా?"

"ఎరుకే."

"ఎప్పటిసంది?"

"తాళాలు నా చేతుల పెట్టి పోయిండు. మొదటి దినం సంది ఎరుకే."

వాడు కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. "అన్నం తెస్తె అమ్మ ఎల్లగొట్టింది," అన్నాడు. "నేను మేలుకొనే ఉన్న ఆ దినం. కట్టు ఉన్నది గని అన్నీ ఇన్న. సార్ గొంతు గుర్తువట్టి గుడ పిలువలే. గోడ దిక్కు తిరిగి పండుకున్న."

లేచి బట్టలు సంచిలో పెట్టుకున్నాడు. పద్మ అడ్డుపడింది. "చిన్నమ్మా, నీ మీద నాకేం లేదు," అని హాస్టల్‌కు వెళ్లిపోయాడు.

పద్మ గిన్నెలు తోమింది. అన్నీ తోమాక, తోమినవే మళ్లీ తోమింది.

9 మే

మేడమ్‌కు ఉత్తరం రాసి ఇచ్చాను. అదే ఉత్తరాన్ని మెట్ల మీద నిలబడి పిల్లలకు చదివి వినిపించాను. కొట్టేస్తారనుకున్నాను. ఒకరిద్దరు తిట్టారు. ఆ రోజు నేను మంచినీళ్లు ఇచ్చిన అమ్మాయి ముందుకు వచ్చి, "ఇన్ని దినాలు ఎట్ల నిద్రవట్టింది సార్ మీకు?" అని అడిగింది. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. పట్టింది. అదే చెప్పాను.

డిపార్ట్‌మెంట్ గోడల మీద ఎలీషా అన్నను తిడుతూ రాసినవాటికి వాళ్లే సున్నం వేశారు. మేడమ్ నాకు మెమో ఇచ్చి మ్యూజియం నుంచి తీసేసి రికార్డు రూముకు మార్చారు. తొట్టి పని ఎవరికో నేర్పమన్నారు.

ఊళ్లో లచ్చవ్వకు కమలాకర్ ఫోన్‌లో చెప్పాడట. ఆమె ఏమన్నదో నాకు చెప్పలేదు.

16 మే

బాపట్ల వెళ్లి వచ్చాను.

పోతున్నానని పద్మ ద్వారా కమలాకర్‌కు కబురు పంపాను. వాడు స్టేషన్‌కు వచ్చాడు. అదే బోగీలో నాకు దూరంగా కూర్చున్నాడు. దిగాక కూడా నా వెనకాలే నడిచాడు.

చర్చి పక్కన చిన్న పెంకుటిల్లు. ఎలీషా అన్న అరుగు మీద పేపరు చదువుతున్నాడు. మమ్మల్ని చూసి లేచి, కళ్లజోడు తీసి, గబగబా మెట్లు దిగి వచ్చాడు. నన్ను దాటి కమలాకర్ దగ్గరికి వెళ్లాడు. వాడి ముఖం రెండు చేతులతో పట్టుకుని, వెలుతురు వైపు తిప్పి, ఆ కన్ను చూశాడు. "నాయనా," అన్నాడు. వాడు ఆయన మెడ మీద పడి ఏడుస్తూ, "సార్, మాఫ్ చెయ్యి సార్, నేను నమ్మిన సార్," అంటున్నాడు. ఆయన వాడి వీపు నిమురుతున్నాడు. నేను చెప్పులు విడిచి గేటు దగ్గరే నిలబడ్డాను.

ఎవాంజెలిన్ వదిన నా కాళ్లకు నీళ్లు ఇచ్చింది. చాపల పులుసు వండింది. అందరం కింద కూర్చున్నాం. కమలాకరే అడిగాడు. "సార్, ఆ దినం మీటింగుల ఎందుకు చెప్పలే మీరు?"

"నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు గదా బాబూ. కోలుకుని ఎక్కడికి పోతావు? మీ కాకా వాళ్లింటికే. వాళ్ల చేతి అన్నమే తినాలి. నేను ఆ మాట అంటే నీకు ఇల్లు లేకుండా పోయేది." కొంచెం ఆగాడు. "ఇంకోటి కూడా ఉంది. ఆయన చెప్తాడనుకున్నా. ఆ గదిలో చెప్తాడనుకున్నా. తర్వాత ఆసుపత్రి గుమ్మంలో చెప్తాడనుకున్నా. ఫోన్ చేసినప్పుడు ఇక ఇప్పుడు చెప్తాడు అనుకున్నా. మీ ఆంటీ టీవీ కట్టేయబోతే కూడా వద్దన్నా, చప్పుడు ఉన్నట్టుండి ఆగితే తడబడతాడేమో అని."

ఎవాంజెలిన్ వదిన కొంగుతో కళ్లొత్తుకుని లోపలికి వెళ్లింది.

"అన్నా, తప్పయింది," అన్నాను. "అందరికి చెప్పిన. గోడలకు సున్నమేసిండ్రు. నువ్వు మల్ల రా అన్నా. మేడమ్ గుడ రమ్మంటున్నది."

ఆయన నా కంచంలోకి చూశాడు. "అన్నం అయిపోయినట్టుంది. ఇంకొంచెం పెట్టుకోండి," అన్నాడు.

ఎవరితో అంటున్నాడో అని పక్కకు చూశాను. నాతోనే.

పదహారేళ్లు నన్ను లింగం అన్నాడు, ఒరేయ్ అన్నాడు, కోపం వస్తే మొద్దు అన్నాడు. మీరు అని ఎన్నడూ అనలేదు. గిన్నె నా ముందుకు జరిపాడు, మర్యాదగా, కొత్త చుట్టానికి జరిపినట్టు. పెట్టుకున్నాను. తిన్నాను. ముల్లు చూసుకోండి అని కూడా చెప్పాడు.

సాయంత్రం బండికి బయలుదేరాం. రోడ్డు దాకా వచ్చాడు. కమలాకర్ చెయ్యి పట్టుకునే నడిచాడు. కొత్త ఉద్యోగాల నోటిఫికేషన్ గురించి అడిగాడు. ఒక కన్నుతో ఎక్కువసేపు చదవొద్దన్నాడు. ఆటో వచ్చింది. వాణ్ణి ఎక్కించి, తల నిమిరి, "వెళ్లిరా బాబూ," అన్నాడు.

నేను ఎక్కబోతూ ఆయన వైపు తిరిగాను. ఆయన రెండు చేతులూ జోడించాడు.

"వెళ్లండి రాజలింగం గారూ," అన్నాడు.